ఉద్యోగం చేస్తూ సీఏ ఫైనల్: ముందు ఆఫీసు తేదీలు, తర్వాతే చదువు టైమ్‌టేబుల్

నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, ఉండేది పాలకొల్లులో. ఆర్టికల్‌షిప్ (సీఏ కోర్సులో భాగంగా చేసే ట్రైనింగ్) అయ్యాక ఇంటి పరిస్థితిని బట్టి ఉద్యోగంలో చేరిపోయాను, ఫైనల్ మాత్రం అలాగే మిగిలిపోయింది. 2024 నవంబర్‌లో రెండు గ్రూపులూ (ఒక్కోదాంట్లో మూడు పేపర్లు) కలిపి రాశాను, రెండూ పోయాయి. 2025 మేలో గ్రూప్ 1, 2026 జనవరిలో గ్రూప్ 2 అయ్యాయి. అప్పట్నుంచి తణుకులో మిల్లు ఆఫీసుల్లో, రాజమండ్రిలో బ్యాంకుల్లో, ఇక్కడ ఆక్వా కంపెనీల్లో పనిచేస్తూ ఫైనల్ మిగిలిపోయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే, "అక్కా, రోజుకి ఎన్ని గంటలు చదివావు?"

ఆ ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఉద్యోగం చేసేవాడికి రోజూ ఒకేలా ఉండదు కదా, నెలలో కొన్ని రోజులు మొత్తం ఆఫీసువే, కొన్ని రోజులు కాస్త మనవి. ముందు ఏ రోజులు మనవో తేల్చుకోవాలి.

గోడకి తగిలించే పెద్ద కేలెండర్ ఒకటి కొనండి, తిథులు, పండగలు ఉండే మామూలు తెలుగు కేలెండరే చాలు. అందులో ఎర్ర పెన్నుతో ఆఫీసు తేదీలు గుర్తు పెట్టండి. అకౌంట్స్‌లో ఉంటే అవి మీకు కంఠతా వచ్చే ఉంటాయి: 7కి టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను) కట్టాలి, 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20కి 3బీ (జీఎస్టీ తేల్చి కట్టే రిటర్ను). జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి నెలల్లో 15కి అడ్వాన్స్ టాక్స్. జూలై, అక్టోబర్, జనవరి, మే నెలాఖర్లకి టీడీఎస్ రిటర్నులు. సెప్టెంబర్ 30కి టాక్స్ ఆడిట్. బ్యాంకులో ఉన్నవాళ్ళకి క్వార్టర్ ఎండ్ వారం పోతుంది. రైస్ మిల్లులో ఉన్నవాళ్ళకి సార్వా ధాన్యం వచ్చే నవంబర్, డిసెంబర్, దాళ్వా ధాన్యం వచ్చే ఏప్రిల్, మే అలాగే పోతాయి. తర్వాత ఇంటి తేదీలు కూడా వేయండి, దగ్గరి పెళ్ళిళ్ళు, పిల్లల పరీక్షలు, పండగలు అన్నీ. ఏ గుర్తూ పడకుండా మిగిలిన గళ్ళే మీ చదువు రోజులు. నాకు ప్రతి నెలా 21 నుంచి తర్వాతి నెల 5 దాకా తేలిక, 6 నుంచి 11 వరకు, మళ్ళీ 17 నుంచి 20 వరకు ఊపిరాడదు. మొదటిసారి ఇది చూసుకోకుండా రోజుకి నాలుగు గంటలు అని రాసుకున్నాను, 10వ తేదీ వచ్చేసరికి టైమ్‌టేబుల్ మూడు రోజులు వెనకబడేది, 20కి వారం వెనకబడేది, ఆ వెనకబడిన లెక్క చూసుకుని వచ్చే టెన్షన్‌కే సగం ఓపిక అయిపోయేది.

ఈ లెక్క కుదిరాక పని పంచుకోవడం సులువు. కొత్త చాప్టర్లు, పెద్ద లెక్కలు, కన్సాలిడేషన్ (గ్రూపు కంపెనీల లెక్కలు ఒకటిగా కలపడం) లాంటివి తేలిక రోజుల్లోకి. బరువు రోజుల్లో అరగంట ఎంసీక్యూలు, లేదా ముందే చదివిన ఆడిట్ స్టాండర్డ్ ఒకటి మళ్ళీ చూడటం, అంతే. ఆ రోజుల్లో అంతకంటే ఎక్కువ అనుకోకండి, మీ మీద మీకే కోపం వస్తుంది.

ఏ అటెంప్ట్ రాయాలన్నది కూడా ఇదే కేలెండర్ చెబుతుంది. 2025లో ఏడాదికి మూడు అటెంప్ట్‌లు అయ్యాయి, జనవరి, మే, సెప్టెంబర్. మే అటెంప్ట్ అంటే ఇయర్ ఎండ్ పని, దాళ్వా, ఎండలు, పెళ్ళి ముహూర్తాలు అన్నీ ఒకేసారి. సెప్టెంబర్ అంటే టాక్స్ ఆడిట్ మీద పడుతుంది. జనవరి అంటే సంక్రాంతి, మన జిల్లాల్లో సంక్రాంతి అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఇబ్బంది లేని అటెంప్ట్ లేదు, మీ ఆఫీసుకి ఏది తక్కువ తగులుతుందో అది తీసుకోండి. నేను 2025 సెప్టెంబర్ వదిలేశాను. ఆ ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది, రొయ్యల ఎగుమతి ఆఫీసుల్లో ఆ నెల ఎలా గడిచిందో అందులో ఉన్నవాళ్ళకి తెలుసు. అప్పుడు బలవంతంగా రాసి ఉంటే ఇంకో ఫెయిల్ చేతికి వచ్చేది.

ఒక గ్రూపా, రెండూనా? ఉద్యోగంలో ఉంటే ఒకటే అని నా గట్టి అభిప్రాయం. రెండూ కలిపి రాస్తే ఒక గ్రూపులో మిగిలిన మార్కులు రెండోదానికి కలుస్తాయి కదా అంటారు, నిజమే, కానీ అది రెండింటికీ సరిపడా చదివినవాళ్ళకి పనికొస్తుంది. ప్రతి పేపర్లో 40, మూడు పేపర్లూ కలిపి 300కి 150 రావాలి. 2024లో నాకు ఏఎఫ్ఎం (అడ్వాన్స్‌డ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్) పేపర్లో 38 వచ్చాయి, మిగతావి నలభైల్లో ఆగాయి. ఆరు పేపర్లు సగం సగం చదివితే వచ్చే మార్కులు ఇవే. ఒకవేళ గ్రూపు పోయినా ఒక పేపర్లో 60 గానీ ఆపైన గానీ వస్తే ఆ పేపర్‌కి తర్వాతి మూడు అటెంప్ట్‌ల దాకా మినహాయింపు ఉంటుంది, కానీ దానికి ఆ గ్రూపులో అన్ని పేపర్లకీ కూర్చుని ఉండాలి. రెండో పేపర్ పాడైందని మూడోది మానేసి ఇంటికి వచ్చేసినవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పుడు గంటల సంగతి. నాకు వారానికి సగటున 17 గంటలు దొరికాయి: పొద్దున్న పూట రెండేసి గంటలు, ఆదివారం ఐదు గంటలు. 26 వారాలకి 442. అందులో జ్వరాలు, చుట్టాలు, బరువు రోజుల ఆఫీసు పనులు నాలుగో వంతు తినేస్తాయి, తినవు అనుకోకండి. మిగిలేది 330, అంటే పేపర్‌కి 110 గంటలు. ఈ అంకె ఎదురుగా ఉంటే చాలా నిర్ణయాలు వాటంతట అవే అయిపోతాయి. 110 గంటల్లో ఇద్దరు ముగ్గురు మాస్టార్ల నోట్సులు చదవలేం. ఇన్‌స్టిట్యూట్ (సీఏ పరీక్షలు పెట్టే ఐసీఏఐ) స్టడీ మెటీరియల్, ఆర్టీపీలు (ప్రతి అటెంప్ట్‌కి ముందు ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే రివిజన్ ప్రశ్నలు), మాక్ పేపర్లు, పాత ప్రశ్నపత్రాల సజెస్టెడ్ ఆన్సర్లు ఉచితంగానే దొరుకుతాయి, వాటికి తోడు మీకు అర్థమయ్యే ఒకే ఒక్క మాస్టారి క్లాసులు. మొదట తీసుకున్న పుస్తకం మీదే చివరిదాకా గీతలు పడాలి, ఆఖరి పది రోజుల్లో కళ్ళు ఆ గీతల్ని పట్టుకునే పరిగెత్తుతాయి.

కొత్త స్కీమ్‌లో ఫైనల్‌కి ముందే సెల్ఫ్ పేస్డ్ మాడ్యూళ్ళు (ఆన్‌లైన్‌లో మనంతట మనమే చదివి పరీక్ష రాసేవి) నాలుగు సెట్లు అయిపోవాలి, ఒక్కోదాంట్లో 50 శాతం రావాలి. వాటిని ఫైనల్ ప్రిపరేషన్‌లో కలపకండి, ముందే తేలిక నెలల్లో ఒక్కొక్కటిగా కానిచ్చేయండి.

పొద్దున్నా, రాత్రా అని అడుగుతారు. మొదటిసారి నేను రాత్రి చదివాను, పది నుంచి ఒంటి గంట దాకా. ఎనిమిదింటికి ఇంటికి చేరి, వంట చేసి, బాబుని పడుకోబెట్టి కూర్చుంటే కన్సాలిడేషన్ లెక్కలో అదే పేజీ మూడు రాత్రులు చదివాను. రెండోసారి నాలుగున్నరకి లేవడం అలవాటు చేసుకున్నాను. ఆ టైమ్‌లో మా ఇంటి వెనక చెరువుల్లో నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు, ఫోన్ రాదు, ఎవరూ పిలవరు. కానీ నాలుగున్నరకి లేచినంత మాత్రాన చదువు సాగదు. లేచాక ఏం చదవాలా అని వెతుక్కుంటే ఇరవై నిమిషాలు పోతాయి, ఆ ఇరవై నిమిషాల్లో మళ్ళీ నిద్ర వస్తుంది. అందుకని ముందు రోజు రాత్రే టేబుల్ సర్దేదాన్ని. పుస్తకం ఆ పేజీకి తెరిచి దాని మీద కాలిక్యులేటర్ బరువు, పక్కన తెల్లకాగితాలు, పెన్ను, నీళ్ళ సీసా, ఒక చిన్న చీటీ. చీటీ మీద "ఇండ్ ఏఎస్ 21, నాలుగో లెక్క, చూడకుండా" అని అంతే ఉంటుంది (ఇండ్ ఏఎస్‌లు అంటే పెద్ద కంపెనీలు లెక్కలు రాయాల్సిన అకౌంటింగ్ స్టాండర్డ్‌లు). పొద్దున లేచి మొహం కడుక్కుని కుర్చీలో కూర్చుంటే చెయ్యి దానంతట అదే మొదలుపెడుతుంది. నాకు ఎక్కువ కలిసొచ్చిన అలవాటు ఏదంటే ఈ చీటీయే. ఇలా చేయాలంటే రాత్రి పదింటికి పడుకోవాలి, సీరియళ్ళు, ఫోన్ పక్కన పెట్టాలి, నిద్ర తగ్గించి చదివింది నాకైతే ఏదీ గుర్తులేదు.

పాలకొల్లు నుంచి భీమవరం బస్సులో వెళ్ళేటప్పుడు పుస్తకం తెరిస్తే కళ్ళు తిరుగుతాయి నాకు. అందుకని ఆడిట్ పాయింట్లు నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. రికార్డు చేయడానికి గట్టిగా చదవాలి, అదే ఒక రివిజన్. వినేటప్పుడు ఇంకోటి.

ఉద్యోగం చేసేవాళ్ళ దగ్గర ఇంట్లో కూర్చుని చదివేవాళ్ళకి లేనిది ఒకటి ఉంది, అది ఆఫీసు పనే. మా కంపెనీకి సొంత రొయ్యల చెరువులు కొన్ని ఉన్నాయి. తెల్లవారుజామున పట్టుబడి అయితే తూకం చీటీలు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) రాసిన కాగితాలు తడిచేతి మరకలతోనే నా టేబుల్ మీదకి వస్తాయి. ఒకరోజు ఆ చీటీ చూస్తుంటే ఇండ్ ఏఎస్ 41 మొత్తం కళ్ళముందు కనపడింది. చెరువులో పెరుగుతున్న రొయ్య బయోలాజికల్ అసెట్, దాన్ని ఫెయిర్ వాల్యూ నుంచి అమ్మకం ఖర్చులు తీసేసి చూపించాలి, ఆ విలువలో వచ్చే మార్పు లాభనష్టాల్లోకి వెళ్తుంది. వల వేసి తీసిన క్షణాన అది వ్యవసాయ ఉత్పత్తి, ఆ క్షణం నాటి విలువే దాని ఖరీదు అవుతుంది, అక్కడి నుంచి ఇండ్ ఏఎస్ 2. తల తీసి, గడ్డకట్టించి, బ్లాకులు చేశాక అది మామూలు సరుకు నిల్వే. మా కంపెనీ ఇండ్ ఏఎస్ పరిధిలోకి రాదు, మా పుస్తకాల్లో ఈ లెక్క ఎక్కడా లేదు, అందుకే ఆ రోజు భోజనాల టైమ్‌లో ఒక కాగితం తీసుకుని అదే చెరువుని ఇండ్ ఏఎస్ ప్రకారం రాసి చూశాను. ఆ చాప్టర్ మళ్ళీ నాకు మర్చిపోయే పని పడలేదు. అలాగే డాలర్లలో వేసిన ఎగుమతి బిల్లు ఆ రోజు రేటుతో రాసి, మార్చి 31న రావాల్సిన బాకీని ఆ రోజు రేటుకి మార్చి, తేడా లాభనష్టాల్లో వేస్తే ఇండ్ ఏఎస్ 21 వచ్చినట్టే. బ్యాంకుతో చేసుకున్న ఫార్వర్డ్ కాంట్రాక్ట్ (డాలర్ రేటు ముందే ఖాయం చేసుకునే ఒప్పందం) కాగితం తీసి చదివితే ఏఎఫ్ఎంలో ఫారెక్స్ చాప్టర్ సగం అక్కడే ఉంది. ఎల్‌యూటీ (జీఎస్టీకి ఇచ్చే హామీ పత్రం) మీద పన్ను కట్టకుండా పంపిన ఎగుమతి, దాని మీద ఐటీసీ (కొనుగోళ్ళ మీద కట్టిన జీఎస్టీ) రీఫండ్, లారీవాళ్ళకి కోసే టీడీఎస్, చిన్న సప్లయర్లకి గడువులోపు, ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లోపు, డబ్బు కట్టకపోతే ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోని పాత ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్), ఇవన్నీ రోజూ చేతిలో ఆడేవే.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. ఆఫీసులో మనం చేసే పద్ధతే పరీక్షలో జవాబు అనుకుంటాం. మొదటి అటెంప్ట్‌లో ఇండైరెక్ట్ టాక్స్ పేపర్లో నేను మా ఆఫీసు అలవాటు రాశాను, సెక్షన్ ఏం చెబుతుందో రాయలేదు. రేట్ల విషయంలో కూడా అంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి, 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. ఆఫీసులో మనం కొత్తది అమల్లోకి వచ్చిన రోజు నుంచే వాడాలి, పరీక్షకి మాత్రం మీ అటెంప్ట్‌కి ఏది వర్తిస్తుందో ఇన్‌స్టిట్యూట్‌లోని బోర్డ్ ఆఫ్ స్టడీస్ విడిగా ప్రకటిస్తుంది. ఆ నోటీసు ప్రింట్ తీసి పుస్తకం మొదటి పేజీలో అంటించుకోండి, డైరెక్ట్ టాక్స్ పుస్తకం కొనేది దాని తర్వాతే.

ఇక చేత్తో రాయడం. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మనం రోజంతా కీబోర్డ్ మీద ఉంటాం, సంతకాలు తప్ప చేత్తో రాసేది లేదు. ఫైనల్ పేపర్ మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, 30 మార్కులు ఎంసీక్యూలు, 70 మార్కులు రాయాలి. ఆఖరి రెండు నెలలు ప్రతి ఆదివారం అదే 2 నుంచి 5 దాకా మాక్ పేపర్ రాయండి, ఇంట్లో అందరూ భోంచేసి పడుకునే టైమ్‌లోనే. మొదటి ఆదివారం పప్పుచారుతో కడుపునిండా తిని కూర్చున్నాను, మూడుంపావుకి కళ్ళు మూతలు పడ్డాయి, నాలుగింటికి బొటనవేలు పక్కన నొప్పి మొదలై అక్షరాలు కిందకి జారిపోయాయి, 24 మార్కుల ప్రశ్నలు ముట్టుకోకుండానే ఐదైపోయింది. పరీక్ష హాల్లో తెలియాల్సింది డైనింగ్ టేబుల్ దగ్గరే తెలిసింది. ఆ తర్వాత ఆదివారాలు పన్నెండింటికే కాస్త పెరుగన్నం, పరీక్ష రోజుల్లోనూ అదే. ఆరో ఆదివారానికి పేపర్ పూర్తిచేసి పది నిమిషాలు మిగిలాయి. ఆడిట్‌లో ముందు స్టాండర్డ్ ఏం చెబుతుందో, తర్వాత ప్రశ్నలోని విషయం, చివర తేల్చిన మాట, మూడు చిన్న పేరాలుగా రాయడం అలవాటైంది కూడా అక్కడే. ఆరో పేపర్ నాలుగు గంటలు, పుస్తకాలు తీసుకెళ్ళొచ్చు, కానీ వెతకడానికి టైమ్ ఉండదు, మీ పుస్తకాలకి రంగు చీటీలు మీరే అంటించి ఉంటే తప్ప అవి బరువే.

సెలవు గురించి నాలుగు నెలల ముందే మాట్లాడండి, మాటతో వదిలేయకుండా మెయిల్ పెట్టండి. అంతకుముందు నేను పనిచేసిన చోట సెలవు నోటిమాటగా ఇచ్చి పరీక్షకి నాలుగు రోజుల ముందు లేదన్నారు, నా దగ్గర కాగితం లేదు. ఇక్కడ సెప్టెంబర్‌లోనే మా మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, జనవరిలో పద్దెనిమిది రోజులు సెలవు కావాలండి, ఫైనల్ రాస్తున్నాను."

"అన్ని రోజులంటే ఎలాగమ్మా, డిసెంబర్ 3బీ ఎవరు చూస్తారు?"

"అక్టోబర్, నవంబర్ నెలలవి పక్క సీటు తమ్ముడిని కూర్చోబెట్టి తన చేతే చేయిస్తానండి, డిసెంబర్‌కి తనే చేసుకుంటాడు. బ్యాంక్ రికన్సిలియేషన్ 27 దాకా ముగించే వెళ్తాను."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మెయిల్ పెట్టమ్మా, ఎండీ గారికి నేను చెబుతాను" అన్నారు. సెలవు అడిగేటప్పుడు నా చదువు ఎంత కష్టమో చెప్పలేదు, ఆయన పని ఎలా నడుస్తుందో చెప్పాను. ఏడాదంతా ఈఎల్స్ (ఎర్న్‌డ్ లీవులు) దాచుకోండి, పెళ్ళిళ్ళకి ఒక పూట పర్మిషన్‌తో సర్దుకోండి.

ఇంట్లో కూడా ఇదే పద్ధతి. "నాకు సపోర్ట్ చేయండి" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు, ఏ పని ఎవరిదో చెప్పాలి. మా ఆయన పొద్దున బాబుని లేపి, స్నానం చేయించి, స్కూల్ ఆటో ఎక్కించే పని తీసుకున్నాడు, రాత్రి వంట, హోంవర్క్ నావి. సంక్రాంతి సంగతి దసరాకే అత్తయ్య దగ్గర కూర్చుని చెప్పాను, "అత్తయ్యా, ఈసారి పండక్కి నేను ఉండను, రాజమండ్రిలో సెంటర్ పడితే చిన్నమ్మ వాళ్ళింట్లో ఉండి రాస్తాను" అని. మా ఆడపడుచులు పిల్లలతో వచ్చే పండగ, ఆవిడకి కష్టంగానే అనిపించింది, రెండు రోజులు మాట్లాడలేదు కూడా. తర్వాత ఆవిడే వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేశారు. గ్రూప్ 2 పేపర్లు సరిగ్గా పండగ రోజుల చుట్టూ పడ్డాయి. ముందే చెప్పి ఉండకపోతే ఆ వారం ఇల్లంతా నా మీద అలిగేది, నేను చదవలేకపోయేదాన్ని.

మన వైపు వాళ్ళు ఇంకోటి తప్పక చూసుకోవాలి, కరెంటు. అక్టోబర్, నవంబర్ అంటే తుఫాన్ల నెలలు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో రెండు రోజులు కరెంటు లేదు, నెట్ లేదు. క్లాసులన్నీ లాప్‌టాప్‌లో, నోట్సన్నీ పీడీఎఫ్‌లో పెట్టుకున్న మా స్నేహితురాలు ఏమీ చదవలేకపోయింది. నేను ఆర్టీపీలు, సెక్షన్ల చార్టులు ముందే జిరాక్స్ తీయించుకున్నాను, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువా పైన ఉంచాను, ఛార్జింగ్ లైటు వెలుతురులో ఒక ఆర్టీపీ పూర్తయింది. జూలైలోనే ప్రింట్లు తీయించి పెట్టుకోండి.

ఆఖరి సెలవు రోజుల్లో కొత్తది ఏదీ మొదలుపెట్టకండి. ఒక్కో పేపర్‌కి మధ్యలో దొరికే ఒకటి, రెండు రోజుల్లో ఏం చదవాలో ఆ చీటీలు కూడా ముందే రాసుకోండి, పేపర్‌కి ఒక కవరు చొప్పున. మొదటి పేపర్ రాసి వచ్చిన సాయంత్రం జవాబులు సరిచూసుకోకుండా రెండో కవరు తెరవండి.

సెలవు అడిగేటప్పుడే చివరి పేపర్ మర్నాటికి కూడా కలిపి అడగండి. నేను గ్రూప్ 1కి అది అడగలేదు, రాత్రి బస్సు దిగి పొద్దున్నే ఆఫీసులో కూర్చుంటే బిల్లు మీద అంకెలు రెండుసార్లు తప్పు కొట్టాను. జనవరిలో ఒక రోజు ఎక్కువ తీసుకున్నాను. ఆ రోజు పదింటిదాకా పడుకుని లేస్తే అత్తయ్య నా వాటా అరిసెలు డబ్బాలో పెట్టి టేబుల్ మీద ఉంచారు, రోజూ పుస్తకం ఉండే చోట.